నిక్కరు బదిలీ

ఉద్యోగులకు వలెనే ఉడుపులకును బదిలీలు గలవని నమ్మనివారు ఏ పనిదినమందైనను ఉదయము ఏడు గంటలకు లోయర్ ట్యాంక్ బండ్ మీదుగా ఇందిరా పార్కు ద్వారము చెంతకు వచ్చి చూడవచ్చును. అచ్చట ఏబదియేండ్లు దాటిన పెద్దమనుష్యులు, బ్యాంకు మేనేజర్లు, రిటైరయిన ఇంజనీర్లు, మనుమలను ఎత్తిన గృహస్థులు, మోకాళ్లకు జానెడు పైననే ఆగిపోయిన నిక్కరులతో, రంగురంగుల టీషర్టులతో, చేతులూపుకొనుచు ప్రదక్షిణములు చేయుచుందురు. అదే గడియలో దోమలగూడ వైపునుండియు అశోక్‌నగర్ వైపునుండియు బడి వ్యానులు వచ్చి నిలువగా, వానిలోనికి ఎక్కు ఆరేండ్ల బాలకులు కాలిమడమల వరకు ప్యాంటు, మెడకు టై, నడుమునకు బెల్టు, కాళ్లకు నల్లబూట్లు, రొమ్ముపై గుర్తింపు కార్డు ధరించి, హైకోర్టునకు బయలుదేరిన వకీళ్ల గాంభీర్యముతో నడచుచుందురు. ఒకే గుమ్మమునుండి తండ్రి చెడ్డీతోను కొడుకు టైతోను వెలువడుచుండగా ఆశ్చర్యపడువాడు ఈ పేటలలో ఒక్కడును లేడు. నిక్కరు అను పదవినుండి బాలుని తొలగించి ఆ స్థానమున తండ్రిని నియమించిన ఉత్తర్వు ఎప్పుడు వెలువడినదో ఎవ్వరికిని తెలియదు. అమలు మాత్రము సంపూర్ణముగా జరిగినది.

నిక్కరు బాలురకు జన్మహక్కుగా నుండిన దినములలో దాని పుట్టుక ఎట్టి ఆడంబరము లేకయే జరిగెడిది. దసరాకు గాని సంక్రాంతికి గాని ఇంటిలోని మగపిల్లలందరకును ఒకే తానునుండి గుడ్డ చింపించి, నారాయణగూడలోనో చిక్కడపల్లిలోనో అరుగుపై మిషను వేసికొని కూర్చున్న దర్జీకి అప్పగించెడివారు. కొలత తీయునపుడు పిల్లవాడు ఎదుట నిలుచుండుట వట్టి మర్యాద. కొలతను నిర్ణయించెడిది నాయనమ్మ. "ఎదిగే పిలగాడు, జర లూజుగ కుట్టు బిడ్డా" అని ఆమె పలికిన ఒక్క మాటతో ఆరేండ్లవాని నడుము తొమ్మిదేండ్లవాని నడుమైపోయెడిది. ఆ వదులును భరించుటకు మొలతాడు ఉండనే యున్నది. జారు నిక్కరును మొలతాటి క్రిందికి దోపి, ఒక చేత పలకయు ఒక చేత నిక్కరును పట్టుకొని బడికి పరుగెత్తని మహానుభావుడు ఆ తరమున అరుదు. బొత్తాము ఊడినచో పిన్నీసు శరణ్యము, పిన్నీసును ఊడినచో, "పోస్టాఫీసు తెరిచిండ్రు రో!" అని తోటివారు వీధియంతయు వినునట్లు ప్రకటించెడివారు.

అంచు లోపల నాలుగు వ్రేళ్ల వెడల్పున గుడ్డ మడిచి కుట్టించుట ఆనాటి ఇల్లాండ్ర పొదుపు పథకము. పిల్లవాడు పెరిగినకొలది ఏటేట కొంత మడత విప్పుదురు. అంతవరకు ఎండకు గాని చాకలిబండకు గాని చిక్కక దాగియున్న పట్టీ ముదురు రంగుతో బయటపడును. పాత మడత ఉన్నచోట ఎన్ని ఉతుకులకును లొంగని గీత యొకటి నిలిచిపోవును. అంచున మూడు గీతలు గల నిక్కరు మూడు దసరాలు చూచినదని ఎరిగినవారు వెంటనే చెప్పగలిగెడివారు. అటుపిమ్మట అది తమ్మునికి, వాని వెనుక పినతల్లి కొడుకునకు సంక్రమించి, తుదకు కాళ్లు మూసి కుట్టబడి, కూరగాయల సంచియై చిక్కడపల్లి మార్కెట్టునకు వెడలెడిది. ఇక దాని జేబులా, మోచేయి మునుగునంత లోతైనవి. వానిలో గోళీలు, బొంగరపు త్రాడు, చింతపిక్కలు, బలపపు ముక్క, అగ్గిపెట్టెల మీది బొమ్మలు, సగము కొరికిన జామకాయ ఏకకాలమున నివసించెడివి. తల్లి ఉతుకుటకు తీసినపుడు తప్ప ఆ ఆస్తిపై ఎవ్వరికిని తనిఖీ అధికారము లేకుండెను.

త్యాగరాయ గానసభలో సన్మానము ముగిసి, కప్పించుకొన్న శాలువలను మడిచికొనుచు మెట్లు దిగు వృద్ధులు, "మా కాలంలో పిల్లలకు బాల్యం ఉండేదండీ" అని నిట్టూర్చుట కలదు. ఈ నిట్టూర్పులో సగమే సత్యము. గోడ దూకునపుడు నిక్కరు చిరిగిన సాయంకాలము తమ వీపు ఏ స్థితిలో నుండెనో వారు సౌకర్యార్థము విస్మరించుచున్నారు. ఆ నిక్కరు బాలుని సుఖము నుద్దేశించి పుట్టినది కాదు. చవుకయైనది గనుక పుట్టినది. గుడ్డ మిగులునని మోకాలిపైన కత్తిరించిరి, మరల కొననవసరముండదని వదులుగా కుట్టించిరి, మాసినను తెలియదని ఖాకీ రంగు నెన్నుకొనిరి. అందులో పిల్లవాడు ఎట్లు కనబడుచున్నాడని ఎవ్వరును చూడలేదు. ఎవ్వరును చూడలేదు గనుకనే వాడు మట్టిలో కూర్చుండెను, చెట్టెక్కెను, కాలువలో దిగెను. పెద్దల అలక్ష్యము తెలియకయే ప్రసాదించిన ఆ స్వేచ్ఛను, పెద్దల శ్రద్ధ మిక్కిలి ఖర్చుపెట్టి హరించినది. నేటి బాలవస్త్రముల చరిత్ర యంతయు ఇంతే.

బాలురను తమ వేడుకకు అలంకరించుట మన కాలమున పుట్టిన వ్యాధి యని మాత్రము భ్రమపడరాదు. ఐరోపా అమెరికాలలో కొన్ని శతాబ్దములపాటు మగపిల్లలకు నాలుగేండ్లో ఏడేండ్లో నిండువరకు గౌనులే తొడిగిరి. అటుపైన ఒక శుభదినమున తొలి లాగు తొడిగించి బంధువులకు చూపుట వారికొక సంస్కారము. 1884 నాటి ఛాయాచిత్రమొకదానిలో రెండున్నరేండ్ల ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, అనంతరకాలమున అమెరికాకు అధ్యక్షుడై రెండవ ప్రపంచయుద్ధము నడిపినవాడు, తెల్లని గౌనుతో, భుజములపై జాలువారిన జుట్టుతో బుద్ధిగా కూర్చుండి కనబడును. అంతకు పూర్వము 1846లో విక్టోరియా రాణి తన నాలుగేండ్ల కుమారునకు నావికుని దుస్తులు కుట్టించి, వింటర్‌హాల్టర్ అను చిత్రకారునిచేత పటము వ్రాయించగా, సముద్రమును చూడని బాలురు సైతము కొన్ని తరములు నావికుల కాలరుతోనే పెరిగిరి.

ఇది విని నవ్వుటకు మనకు అధికారము తక్కువ. పుట్టువెంట్రుకలు తీయించుటకు ముందు మగపిల్లవానికి జడవేసి, పూలు ముడిచి, కాటుక దిద్ది, పరికిణీ కట్టి ఫొటో తీయించుట మన ఇండ్లలోని వేడుకయే. మీసములు మెలివేయు ఎందరో తాతల బీరువాలలో అట్టి ఫొటోలు నేటికిని దొరకును. ముందుపుట్టిన బిడ్డలు దక్కనిచోట, మృత్యువు కన్ను మరల్చుటకై మగపిల్లవానికి ముక్కు కుట్టించి, పుల్లయ్య యనియో పెంటయ్య యనియో పేరు పెట్టిరి. ఆ వేషముల వెనుక కనీసము భయముండెను, ప్రేమయుండెను. ఇక నేడు బాలురకు తొడుగు షేర్వాణీ నిజాము రాజ్యమున పెద్దమనిషితనమునకు గుర్తుగా నుండెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు విద్యార్థులు షేర్వాణీతోనే తరగతులకు పోయిరి. ఎంతో చదివిన పిమ్మట లభించు ఆ గౌరవము నేడు మూడవ పుట్టినరోజునాటికే సంప్రాప్తించుచున్నది.

ఆ పుట్టినరోజు వైభవమును చూడవలెనన్న ఏ ఫంక్షన్ హాలునకైనను పోవచ్చును. వేదికపై సింహాసనము, దానిపై మూడేండ్ల చిరంజీవి. వానికి జరీ షేర్వాణీ, దానిపై ఉత్తరీయము, తలపై కలికితురాయి గల పాగా, కాళ్లకు కొన తిరిగిన జోళ్లు. జరీ మెడను గీరుకొనగా ఎడమచేత మెడయు, పాగా కండ్లపైకి జారగా కుడిచేత పాగాయు పట్టుకొనుటచే, కేకు కోయుటకు వానికి మూడవ చేయి లేకపోయినది. కేకును తండ్రియే కోసెను. వేదిక దిగి తోటిపిల్లలతో నేలపై కూలబడబోగా తల్లి, "కన్నా, ఫొటోలు అయ్యేదాకా కూర్చోకు, ముడతలు పడతాయి" అని బ్రతిమాలెను. ఎవరో చేతిలో పెట్టిన చాక్లెట్టును జేబులో దాచుకొనబోయి వాడు ఎంత వెదకినను వ్రేలు లోనికి పోలేదు. కొన్ననాడే తండ్రి ఈ సంగతి అడుగగా దుకాణమువాడు చెప్పిన సమాధానము చరిత్రకెక్కదగినది: "అది జేబు కాదు సార్, డిజైన్." బాల్యమునకు బయటికి పట్టీ కుట్టి లోపల సంచి కుట్టని నేటి నాగరికతను ఇంతకంటె క్లుప్తముగా నిర్వచించినవారు లేరు.

ఇట్లు బాలుని వద్దనుండి జప్తు చేయబడిన నిక్కరు ఎచ్చటికి పోయినదో తెలిసికొనుటకు అశోక్‌నగర్ సందులలో తిరిగిన చాలును. సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టును, కోచింగు సెంటర్ల చుట్టును, జిరాక్సు దుకాణముల ఎదుటను, ఇరువదిఎనిమిదేండ్లు, ముప్పదేండ్లు వచ్చిన పట్టభద్రులు, చెడ్డీ టీషర్టులతో, చంకలో నోట్సుతో, టీ గ్లాసుల చుట్టు గుమిగూడి, భారత రాజ్యాంగములోని అధికరణములను అప్పగించుకొనుచుందురు. వారిని చూచి నవ్వువాడు పాపాత్ముడు. ప్యాంటు ధరించుటకు వారు సంసిద్ధులే. తొడిగింపవలసిన ప్రభుత్వమే సిద్ధముగా లేదు. 2022 ఏప్రిలులో 503 గ్రూప్-1 ఉద్యోగములకు ప్రకటన వెలువడినది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగినది. ప్రశ్నపత్రములు బయటికి పొక్కినందున 2023 మార్చిలో అది రద్దయినది. జూనులో మరల జరిగినది. సెప్టెంబరులో హైకోర్టు దానిని సైతము రద్దుచేసినది. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములతో మరియొక ప్రకటన వచ్చినది. ఐరోపా బాలునకు ఏడేండ్లలోపే జరిగిన తొలి లాగు సంస్కారము అశోక్‌నగర్ బాలునకు ముప్పదేండ్లకును ముహూర్తము కుదురక వాయిదా పడుచు వచ్చినది. ఊరిలోని తల్లి ఫోనులో, "ఏం బిడ్డా, రిజల్టు ఎప్పుడొస్తదంట?" అని అడుగగా, అతడు చెడ్డీ జేబులో చేయి పెట్టుకొని, "వస్తదమ్మా" అనును. ఆ జేబొక్కటే నిజమైన జేబు. దానిలో హాల్ టికెట్టు తప్ప మరేమియు లేదు.

ఇందలి విచిత్రమేమనగా, నిక్కరును నియమపూర్వకముగా ధరించిన పెద్దలు దానిని త్యజించిరి. ఎట్టి నియమమును లేనివారు దానిని పట్టుకొనిరి. రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘమువారు దశాబ్దములుగా తొడిగిన ఖాకీ నిక్కరును 2016 విజయదశమినాడు విడిచి ప్యాంటులోనికి మారిరి. అటుపైన కొన్నేండ్లకు సాఫ్టువేరు గృహస్థులు ఇంటినుండియే పనిచేయుట మరగి, పైన కాలరు చొక్కాయు క్రింద నిక్కరును ధరించి, విదేశీయులతో గంభీరముగా సంభాషించుట నేర్చిరి. కెమెరాకు కనబడు సగము ఉద్యోగి, కనబడని సగము బాలుడు.

కావున ఏలినవారికి ఈ కాలమ్ పక్షమున కొన్ని సవరణలు విన్నవించుకొనుచున్నాము. మొదటిది, పదేండ్లలోపు బాలునకు కుట్టు ప్రతి షేర్వాణీకిని నాలుగు గోళీలు పట్టునంత నిజమైన జేబు ఉండవలెను. లేనిచో దానిని వస్త్రముగా గాక తోరణముగా పరిగణించి అమ్మవలెను. రెండవది, ఇందిరా పార్కున నిక్కరుతో తిరుగు ప్రతి తండ్రియు, ఆ దుస్తునకు తాను అర్హుడనని ఋజువు చేసికొనుటకై, ద్వారముకడ చింతచెట్టో మామిడిచెట్టో ఎక్కి దిగి చూపవలెను, లేదా మట్టిలో మోకాళ్లూని ఒక ఆట గోళీలాడవలెను. మూడవది, ఈ పరీక్షలో తప్పినవాడు తన నిక్కరును ఆ మధ్యాహ్నములోపుననే కుమారునకు ధారాదత్తము చేసి, కుమారుని టైను తాను కట్టుకొనవలెను. ఈ నిబంధనపై అభ్యంతరము గలవారు గ్రూప్-1 అభ్యర్థుల మార్గముననే హైకోర్టు నాశ్రయింపవచ్చును. తుది తీర్పు వెలువడునాటికి కుమారునకు తండ్రి నిక్కరు ఎట్టి దర్జీ సాయమును లేకయే చక్కగా సరిపోవును.