సుద్దగీతల మధ్య ఖాళీ

నూజివీడులో ఒక మామిడి కమీషన్ దుకాణం గోడకు వేలాడే రేట్ల బోర్డును నేను. కాపు ఉడిగిన రసాల చెట్టును కొట్టించినప్పుడు వచ్చిన పలకలు కలిపి, నల్లరంగు పూసి నన్ను తయారు చేశారు. ఏప్రిల్, మే నెలల్లో నాకు క్షణం తీరిక ఉండదు. పొద్దున బంగినపల్లి టన్ను ఇంత, కలెక్టర్ కాయ ఇంత, చిన్నరసం ఇంత అని రాస్తారు. ఎండ నెత్తికెక్కేలోగా తుడిచి మళ్లీ రాస్తారు. ఆగిరిపల్లి, చాట్రాయి, విస్సన్నపేట వైపు నుంచి ట్రాక్టర్లు వచ్చి ఆగుతాయి. రైతు ముందు నా మొహం చూస్తాడు, ఆ తర్వాతే షావుకారు మొహం. జూన్ దాటాక కాటా మీద పట్టా కప్పేస్తారు. మళ్లీ కాయ దిగేదాకా నా మీద రాయడానికి ధర అంటూ ఉండదు.

ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ నడిచేది దాదాపుగా ఆ ఖాళీ నెలల్లోనే. అలా నేను మా గుమాస్తా చేతికి చిక్కాను.

ఆయన కుర్రతనంలో హైదరాబాద్ కొత్తపేట పళ్ల మార్కెట్లో పనిచేశాడు. అక్కడ పట్టుకున్న ఫుట్‌బాల్ పిచ్చి నూజివీడు తిరిగొచ్చినా వదల్లేదు. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టిన దగ్గర్నుంచీ ఆ జట్టే ఆయన జట్టు. ఏలూరు జిల్లాలో కూర్చుని హైదరాబాద్ జట్టు మనదెలా అవుతుందని ఎవరైనా అడిగితే జవాబు చెప్పేవాడు కాదు, సుద్దముక్క తీసుకునేవాడు. ఆట అయిన మర్నాడు షట్టర్ ఎత్తగానే నా మీద పదకొండు సున్నాలు పడేవి. హమాలీ మేస్త్రి కొడుకు ఇక్కడి ట్రిపుల్ ఐటీలో చదువుతున్నాడు, వాళ్ల కాలేజీ జట్టులో ఆడతాడు కూడా. ఆదివారం ఇంటికి వచ్చినప్పుడల్లా కాటా పక్కన బల్ల మీద చేరతాడు. నేను ఒక్క ఆట కూడా కళ్లతో చూడలేదు. నాకు తెలిసిందంతా ఈ ఇద్దరి వాదన, నా ఒంటిమీద వాళ్లు గీసిన గీతలు. ఇన్నేళ్లు మోశాక నాకంటూ ఒక అభిప్రాయం ఏర్పడింది.

ముందు మంచిరోజుల బొమ్మ చెప్పాలి. 2021-22లో కోచ్ స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్. వెనక నలుగురు, వాళ్ల ముందు ఇద్దరు, ఆపైన ముగ్గురు, కొసన ఒక్కడు. ఆ కొసనున్నవాడు నైజీరియా ఆటగాడు ఒగ్బెచే. ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టి లీగ్ మొత్తానికీ మొదటివాడయ్యాడు. దుకాణానికి వచ్చిన వాళ్లంతా ఆ కొస సున్నానే చూసేవారు. గుమాస్తా మాత్రం మధ్యలో ఉన్న ఇద్దరి చుట్టూ గీసినచోటే మళ్లీ మళ్లీ గీసేవాడు. ఒకడు బ్రెజిల్ నుంచి వచ్చిన కెప్టెన్ జోవో విక్టర్. పక్కన ఒకరోజు హితేశ్ శర్మ, ఇంకోరోజు సాహిల్ తవోరా.

"ఎడం పక్క ఆకాశ్ మిశ్రా పైకి పరిగెత్తాడనుకో. వాడు వదిలిన చోటు ఎవరు కాస్తున్నారో చూడు" అనేవాడు. మధ్యలో ఇద్దరిలో ఒకణ్ణి బాణం గుర్తుతో ఎడం పక్కకి జరిపేవాడు. రెండోవాణ్ణి మాత్రం కదిలించేవాడు కాదు. వాడు ఇద్దరు సెంటర్ డిఫెండర్ల ముందు నిలబడి ఉండాలి. కుడి పక్క ఆశిష్ రాయ్ వెళితే ఇదే పని తిరగేసి. ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు అంత ధైర్యంగా ముందుకు పోవడానికి కారణం వాళ్ల కాళ్లలో ఉన్న వేగం ఒక్కటే కాదని, వెనక తమ చోటును ఎవరో చూసుకుంటున్నారన్న నమ్మకమని ఆయన వాదన. ఒగ్బెచే దగ్గరికి బంతి చేరేది ఆ నమ్మకం మీదుగానే.

లీగ్ దశలో 20 ఆటల్లో ఆ జట్టు 43 గోల్స్ కొట్టింది. అందరికంటే ఎక్కువ. 2022 మార్చి 20న గోవా ఫటోర్డాలో ఫైనల్. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్‌తో కేరళ బ్లాస్టర్స్ ముందుకెళ్లింది. 88వ నిమిషంలో ఆ మధ్యవరస మనిషి సాహిల్ తవోరానే సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, చివరిది హాలిచరణ్ నర్జారీ కొట్టాడు, 3-1తో కప్పు వచ్చింది. మర్నాడు గుమాస్తా నా మీద ఫైనల్ స్కోరు రాసి, కొత్త కాయ ధరలు రాయాల్సొచ్చేదాకా తుడవనివ్వలేదు. నా జీవితంలో అంత కాలం నిలిచిన అంకె మరొకటి లేదు.

తర్వాతి ఏడు కూడా బాగానే ఆడారు. లీగ్‌లో రెండో స్థానం. సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్‌తో రెండు ఆటలూ గోల్ లేకుండా ముగిశాయి, పెనాల్టీల్లో ఓడారు. అప్పటికే ఆశిష్ రాయ్ ఆ మోహన్ బగాన్‌కే వెళ్లిపోయాడు. 2023లో మనోలో గోవాకి, ఆకాశ్ మిశ్రా ముంబైకి మారారు. ఒగ్బెచే కూడా లేడు. ఆ పైన జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకూడదని ఫిఫా నిషేధం. సీజన్ మధ్యలో విదేశీయులు చాలావరకు ఒక్కొక్కరే వెళ్లారు, పేరున్న మనవాళ్లూ చాలామంది వెళ్లారు. కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో చేతిలో మిగిలింది ఎక్కువగా కుర్రాళ్లు.

2023-24 లెక్క నా మీద ఇలా పడింది: 22 ఆటలు, ఒక గెలుపు, 5 డ్రాలు, 16 ఓటములు. కొట్టినవి 10, తిన్నవి 43. పన్నెండు జట్లలో పన్నెండోది.

రెండేళ్ల కింద కొట్టిన గోల్స్ ఎన్నో, ఇప్పుడు తిన్న గోల్స్ అన్ని. గుమాస్తా ఆ రెండు 43లను పక్కపక్కన రాసి చాలాసేపు కూర్చున్నాడు. ఆ రోజు మేస్త్రి కొడుకు, "గోల్ కొట్టేవాడే లేడు బాబాయ్, పది గోల్స్‌తో ఎవరు గెలుస్తారు?" అన్నాడు.

"పదిని తర్వాత చూద్దాం. ముందు నలభై మూడు సంగతి చెప్పు" అన్నాడు గుమాస్తా.

ఆయన కోపం కుర్రాళ్ల మీద కాదు. కాపు మీదున్న చెట్లన్నీ కొట్టేసి, అంటుమొక్కలు నాటి, అదే ఏడు టన్నుల లెక్క అడిగితే ఎలా ఉంటుందో ఆ పిల్లల్ని గెలవమనడం అలా ఉందని ఆయనకు బాధ. ఓడిపోతున్న ఆ పిల్లలు తొంభై నిమిషాలూ పరిగెత్తడం ఆయన చూశాడు. కోపమంతా బొమ్మ మీద. మనుషులు మారిపోయినా బొమ్మ మారలేదంటాడు. ఫుల్‌బ్యాక్‌లు ఇంకా పాతవాళ్లలాగే ముందుకు పోతున్నారు. వాళ్ల చోటు కాసే అలవాటున్న మనిషి మధ్యలో లేడు. బంతి పోయిన మరుక్షణం కొందరు వెనక, మిగతావాళ్లు ముందు, మధ్యలో ఇరవై గజాల మైదానం ఖాళీ. ఎదుటి జట్టు మిడ్‌ఫీల్డర్ అక్కడ బంతి అందుకుని, తలెత్తి చూసుకుని, తీరిగ్గా పాస్ ఇస్తున్నాడు. ఆ ఖాళీని చూపించడానికి ఆయన అక్కడ ఏమీ గీయడు. పైనా కిందా సున్నాలు పెట్టి, నా నల్లటి ఒంటిని అలాగే వదిలేస్తాడు.

ఆయన మందు ఇది. వెనక ఐదుగురు, వాళ్ల ముందు పది గజాల దూరంలో నలుగురు, పైన ఒక్కడు. రెండు వరసలూ కలిసి కదలాలి. మైదానం మధ్యగీత దాటి తరమడం మానెయ్యాలి. బంతి అంచుల్లో తిరిగితే తిరగనివ్వాలి, మధ్యలోకి మాత్రం రానివ్వకూడదు. "గెలవకపోవచ్చు. కానీ 3-0తో ఓడే ఆట 1-0కి వస్తుంది, 1-0 ఆట 0-0 అవుతుంది. పద్దెనిమిదేళ్ల పిల్లాడికి పాయింటు రుచి తెలియాలి ముందు" అంటాడు. ఆ సీజన్లో గెలిచిన ఒకే ఒక్క ఆటను, 2024 మార్చిలో చెన్నైలో చెన్నయిన్ మీద 1-0ను, సాక్ష్యంగా చూపిస్తాడు. ఒక గోల్ వేసి దాన్ని చివరిదాకా కాపాడుకోగలిగినవాళ్లకి చేతకానిదేముంది అని.

కుర్రాడు ఊరుకోడు. "అలా వెనక కూర్చుంటే బంతి మనకెప్పుడు దొరుకుతుంది బాబాయ్? దొరికినా ఎవరికివ్వాలి? పైనున్నవాడు ఒక్కడు. మళ్లీ పోగొట్టుకుంటాం, మళ్లీ మన మీదికే. అరవై నిమిషాలకి కాళ్లు పడిపోతాయి." అతను సుద్దముక్క లాక్కుని ఐదుగురిలో అటొకణ్ణి, ఇటొకణ్ణి పైకి జరుపుతాడు. అప్పుడు వెనక ముగ్గురే. మధ్య నలుగురిలో ఒకణ్ణి కిందికి దించుతాడు. ఇద్దరూ కొట్టుకుని కొట్టుకుని ఆఖరికి ఆ ఒక్క సున్నా దగ్గరే ఆగుతారు. డిఫెండర్ల ముందు నిలబడేవాడు. ఎక్కడినుంచి మొదలుపెట్టినా వాదన ఆ మనిషి దగ్గరికే వస్తుంది. నేను ఎన్నిసార్లు చూశానో ఈ సంగతి.

ఈ వాదనలోకి రహీం సాబ్ రాకుండా ఉండడు. కుర్రాడికి 'మైదాన్' సినిమా వచ్చాక ఆ పేరు తెలిసింది. గుమాస్తాకి కొత్తపేట రోజుల నుంచీ తెలుసు. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. గుమాస్తాకి అన్నిటికంటే ఇష్టమైనది 1962 జకార్తా ఆసియా క్రీడలు. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక ఉంటే తలతో బంతిని ఎదుర్కోక తప్పదు. రహీం ఆయన్ని ఫార్వర్డ్‌గా నిలిపాడు. జర్నైల్ సెమీస్‌లోనూ గోల్ కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. ఆ జట్టులో మన బలరాం, యూసుఫ్ ఖాన్ ఉన్నారు.

"చేతిలో ఉన్న మనిషిని చూసి బొమ్మ గీశాడు రహీం. బొమ్మకి మనిషిని వెతకలేదు" అంటాడు గుమాస్తా. కుర్రాడు ఇక్కడ ఎదురు చెప్పడు.

2024 నవంబర్ 18న హైదరాబాద్ గచ్చిబౌలిలో భారత్, మలేసియా ఆట. భారత కోచ్ అప్పటికి మనోలోనే. గుమాస్తా బస్సెక్కి వెళ్లి చూసొచ్చాడు. నిద్రలేని కళ్లతోనే నా దగ్గరికి వచ్చి గీశాడు. 19వ నిమిషంలో డిఫెన్స్ వెనక్కి ఒక పొడుగు బంతి పడింది. మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ గోల్ వదిలి ముందుకొచ్చాడు, బంతి అందలేదు, మలేసియా ఆటగాడు పావులో జోసువే ఖాళీ గోల్‌లోకి కొట్టాడు. 39వ నిమిషంలో కార్నర్ నుంచి రాహుల్ భేకే తలతో సమం చేశాడు. 1-1. ఆ ఏడాదంతా భారత్ ఒక్క ఆటా గెలవలేదు. ఊళ్లో అందరూ గుర్‌ప్రీత్‌ని తిట్టారు. గుమాస్తా మాత్రం ఆ పొడుగు బంతి కొట్టిన మలేసియా మనిషి దగ్గర సుద్ద ఆపాడు. "వీడికి అంత తీరిక ఎవరిచ్చారు?" అన్నాడు. కోచ్ అదే మనోలో, కానీ బంతి కొట్టేవాడి మీదికి పోయే మధ్యమనిషి లేడు. గోల్‌కీపర్ పొరపాటు అందరికీ కనపడుతుంది, అంతకు ముందు మూడు సెకన్లు ఎవరికీ కనపడవు. ఆయనతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఆ వార్త వచ్చిన రోజు గుమాస్తా నా మీద ఏమీ రాయలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. రహీం సాబ్ ఊరికి లీగ్‌లో జట్టు లేకపోవడం నాకూ మింగుడుపడలేదు. జట్టు నడపడానికి డబ్బు కావాలి, నిజమే. కానీ జీతం అందని మనిషిని ముందుకు పరిగెత్తమని, వెనక నీ చోటు మేం చూసుకుంటామని చెబితే వాడు ఎలా నమ్ముతాడు? బొమ్మ చెదిరింది అక్కడ. మైదానంలో కనిపించిన ఇరవై గజాల ఖాళీ ఆఫీసు గదిలో మొదలైందని నా అభిప్రాయం.

పోయిన ఆదివారం కుర్రాడు వచ్చి, ట్రిపుల్ ఐటీ మైదానంలో రెండు జట్లుగా విడిపోయి ఆడబోతున్నామని చెప్పాడు. మొదటి సగం తన జట్టు బాబాయ్ చెప్పిన ఐదు-నాలుగు-ఒకటి ఆడుతుంది, రెండో సగం మనోలో బొమ్మ. ఏ సగంలో ఎన్ని తింటారో చూద్దామన్నాడు. గుమాస్తా నా మధ్యగా నిలువుగీత గీసి, అటూ ఇటూ శీర్షికలు రాశాడు. "ఎన్ని తిన్నారన్నది ఒక్కటే కాదురా. ఎదుటివాళ్లు మధ్యలో ఎన్నిసార్లు తలెత్తి చూశారో అదీ లెక్కపెట్టమని బయట కూర్చునేవాడికి చెప్పు" అన్నాడు. కుర్రాడు ఆ పనికి తన రూమ్మేట్‌ని పురమాయించాడు. ఆట బుధవారం సాయంత్రం.