అమెరికా పటేల్

మనూర్‌లో అమెరికా పటేల్ ఇల్లెక్కడంటే చిన్నపిల్లలు కూడా వెంటబడి చూపిస్తారు. ఆయన అమెరికా పోయొచ్చాడనుకునేరు, పాస్‌పోర్టే లేదు. ఉస్మానియాలో ఇంగ్లిష్ ఎం.ఏ. చదువుతూ అమెరికా చరిత్ర, సంస్కృతి మీద మనసు పారేసుకున్నాడు. సినిమాలు చూడనిదే ఆ దేశం అర్థం కాదని అదీ నెత్తినేసుకున్నాడు. ఆ క్యాంపస్‌లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ 1964లో పెట్టారని చెబుతుంటే, పునాదిరాయి తానే మోసినట్టుంటుంది.

పండక్కి బస్సు దిగాడంటే మొదలు.

“ఏం సదువుతున్నవ్ బిడ్డా?”

“అమెరికా చరిత్ర, సినిమాలు, పెదనాయినా.”

“సినిమాలు సూసుడు గూడ సదువేనా! మరి అమెరికా ఎప్పుడు పోతవ్?”

“పోను. సదువుత, అంతే.”

“పోనోనికి ఆడి ముచ్చటెందుకురా?”

ఆయనతో కలిసి సినిమా చూడటానికి గుండె ధైర్యం కావాలి. టీవీలో కృష్ణ ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971) వస్తుంటే, ఈ కౌబాయ్‌లకు దారి చూపింది ఇటలీవాళ్లనీ, వాళ్లు స్పెయిన్‌లో తీస్తే మనవాళ్లు రాజస్థాన్ ఎడారిలో తీశారనీ మొదలుపెడతాడు. ఆయన ముగించేసరికి ఫైటింగ్ అయిపోతుంది.

ఒకసారి ల్యాప్‌టాప్‌లో జాన్ ఫోర్డ్ తీసిన ‘ది సెర్చర్స్’ (1956) పెట్టాడు. తెరనిండా ఎర్రరాళ్ల గుట్టలు, నడుమ ఒంటరి ఇల్లు. సరిహద్దు, వలస, ఆదివాసులు అంటూ ఉపన్యాసం సాగుతుంటే కాక అడ్డుపడ్డాడు.

“గడ్డిపోస లేదు. పశువులేం మేస్తయ్?”

పటేల్ ఆగిపోయాడు. కథ టెక్సాస్‌దే గానీ, ఆ గుట్టలు యూటా, అరిజోనాల మధ్య ఉన్న మాన్యుమెంట్ వ్యాలీవి. అందం కోసం అక్కడ తీశారు. పుస్తకాల్లో చదివి తెలుసుకున్న సంగతిని కాక మొదటి చూపులోనే పట్టేశాడు.

నాయిన దగ్గర ఇంకో అనుభవం. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం రాగానే దక్షిణాది రేవులను ఉత్తరాది ఓడలు మూసేశాయనీ, ఇంగ్లండు మిల్లులకు దూది కరువై మన దేశపు పత్తికి రెక్కలొచ్చాయనీ, 1865లో యుద్ధం ముగియగానే ధర కూలిందనీ వివరించాడు. పత్తి ఏరుతున్న నాయిన చేయి ఆపకుండానే అడిగాడు: “మల్ల లడాయి ఎప్పుడట?”

ఇన్ని మాటలున్న మనిషి నోరు ఒక్కచోటే మూతపడింది. ఆ రోజు ‘గాన్ విత్ ది విండ్’ సినిమా చూపిస్తున్నాడు. అందులో నటించిన హాటీ మెక్‌డానియెల్, ఆస్కార్ గెలిచిన మొదటి నల్లజాతి నటి. 1940లో ఆ బహుమతి ఇచ్చిన రాత్రే ఆమెను తోటి నటులతో కాకుండా గోడవారన వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇది చెప్పగానే ఓ ముసలాయన, “మా పడుచుతనంల హోటల్ల మాకు అలగ్ గ్లాసుండె బిడ్డా. తాగినంక మేమే కడిగి పెట్టేటోల్లం” అన్నాడు. పటేల్ సినిమా ఆపేసి నోట్‌బుక్ తీశాడు. ఆ రాత్రంతా అడిగింది పటేల్, చెప్పింది ముసలాయన. పరిశోధన అంటూ ఆయన చేసింది అదే మొదలని నా లెక్క.

నారాయణఖేడ్ వైపు వెళ్తే ఆయన్ను తప్పక కలవండి. వీసా సంగతి మాత్రం ఎత్తొద్దు. సినిమా చూపిస్తానంటే ముందు కడుపునిండా తిని కూర్చోండి.