కోతబార్ కామందు

కోతబార్ కామందు అమెరికాలో పెన్సిల్వేనియా, ఒహాయో, విస్కాన్సిన్, అయోవా పల్లెల్లో ఎక్కువగా కనిపిస్తాడు. వయసు అరవై దాటి ఉంటుంది. రిటైరై ఉంటాడు, కాకపోతే ఆ రోజు కోసం క్యాలెండరు వైపు చూస్తుంటాడు. నాలుగైదు ఎకరాల గడ్డినేల, ఒక రేకుల షెడ్డు, 1947కూ 1979కూ మధ్య ఎప్పుడో తయారైన ఫార్మాల్ కబ్ ట్రాక్టరు, దానికి కుడిపక్కన రెక్క చాచినట్టుండే సికిల్ బార్ మోవరు అతని స్థిరచరాస్తులు. ఆ గడ్డి ఎవరు తింటారని మాత్రం అడగకూడదు. గోచీ కాపాడుకోవడానికి పిల్లిని పెంచి, చివరికి సంసారంలో పడ్డ సన్యాసి ఇతనికి పూర్వీకుడు. మోవరు ఉంది కనుక గడ్డి పెంచాడు, గడ్డి ఉంది కనుక రెండు మేకల్ని తెచ్చాడు, మేకలున్నాయి కనుక మోవరు తప్పనిసరి అని ఇంట్లో వాదిస్తాడు.

సికిల్ బార్ పని చూడటానికి తేలిక. నేలకు ఆనించి చాచిన బార్ మీద 3 అంగుళాలకొకటి చొప్పున మొనదేలిన ఇనప వేళ్లుంటాయి, అవి గార్డులు. ఒక్కో గార్డులో లెడ్జర్ ప్లేటనే ఉక్కు పలక రివెట్ చేసి ఉంటుంది. గార్డుల చీలికల్లోంచి పొడవాటి కత్తి ఇటూ అటూ ఆడుతుంది. ఆ కత్తి ఒకే ముక్క కాదు. ఇనప పట్టీ మీద వరసగా రివెట్లు కొట్టిన త్రికోణపు బ్లేడుల సమూహం. ఒక్కో బ్లేడును సెక్షన్ అంటారు. సెక్షన్ అంచుకూ లెడ్జర్ ప్లేటు అంచుకూ మధ్య చిక్కిన గడ్డి తెగుతుంది. తెలుగు నేలల్లో వరి కోసే మిషన్ల ముందు ఆడేదీ ఇలాంటి కత్తే. తేడా ఒకటే, ఆ మిషన్ డ్రైవరు కత్తితో మాట్లాడుతూ కూర్చోడు.

ఈ అమరికకు తండ్రి ఎవరన్న విషయంలో కామందుకు గట్టి పట్టింపు ఉంది. ఓబెడ్ హస్సీ కోతయంత్రానికి 1833 డిసెంబరు 31న పేటెంటు వచ్చింది. సైరస్ మెకార్మిక్‌కు 1834 జూన్ 21న. గార్డుల చీలికల్లో త్రికోణపు సెక్షన్లు ఆడే పద్ధతి హస్సీది. 1847లో దాన్ని ఇంకా మెరుగుపరిచాడు. అదే ఏడు విలియం కెచమ్ గడ్డి కోతకని విడిగా ఒక మోవరుకు పేటెంటు తీసుకున్నాడు. డబ్బూ పేరూ మాత్రం మెకార్మిక్ మూటగట్టుకున్నాడు. 1860లో హస్సీ రైలు ప్రయాణంలో ఒక పాపకు మంచినీళ్లు తేవడానికి దిగి, తిరిగి కదిలే బండి ఎక్కబోయి చక్రాల కింద పడి చనిపోయాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు కామందు గొంతు బొంగురుపోతుంది. అప్పుడతను ఆనుకుని నిలబడ్డ ట్రాక్టరు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్లది, అంటే 1902లో మెకార్మిక్, డీరింగ్ మొదలైన కంపెనీలు కలిసి ఏర్పడిన సంస్థది. తిండి మెకార్మిక్‌ది, పాట హస్సీది.

మోవరు సాధారణంగా రైతు వేలంలోనో, ఎవరి కంచె వారనో దొరుకుతుంది. కంచె వార దొరికేదే మేలురకమని కామందు నమ్మకం, ఎందుకంటే దాని బార్ మధ్యలోంచి ఒక చెట్టు మొలిచి ఉంటుంది, అమ్మేవాడు చెట్టుకు వేరే ధర అడగడు. ఇంటికి తెచ్చాక ఇది నడిపేందుకు కాదనీ, ఉన్న మోవరుకు విడిభాగాల కోసమేననీ భార్యకు చెబుతాడు. తర్వాత పరిశీలిస్తే విడిభాగాల మోవరే మెరుగ్గా ఉన్నట్టు తేలుతుంది. అప్పుడు మొదటిది విడిభాగాలదవుతుంది. అందువల్ల ఆ షెడ్డులో ఏ రోజైనా ఒకటి విప్పి, ఒకటి విప్పబోతూ ఉంటాయి.

విప్పడం అన్నది బోల్టులతో యుద్ధం. ముప్ఫై నలభై ఏళ్లు వానకు తడిసిన గార్డు బోల్టు పానాకు లొంగదు. దానికి కామందు దగ్గర ఒక కషాయం ఉంది: ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్, అసిటోన్ కలిపినది. పాళ్ల విషయంలో కామందులు విడిపోతారు. సగానికి సగం అనేవాళ్లు, నూనె కొంచెం హెచ్చు అనేవాళ్లు. కషాయం పోసి రాత్రంతా నానబెట్టాక పొద్దున్నే బోల్టు తల విరిగి చేతికొస్తుంది. అప్పుడు గ్యాస్ టార్చి వెలిగిస్తాడు. నిజానికి ముందే వేడిచేసి ఉంటే సరిపోయేది, కాని అప్పుడు కషాయానికి పని ఉండదు. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కనుక కషాయాన్నీ టార్చినీ దగ్గర పెట్టకపోవడమే మంచిది.

తర్వాత కత్తి. 5 అడుగుల బార్‌కు సుమారు 20 సెక్షన్లు, ఒక్కోదానికి రెండు రివెట్లు. అరిగినవాటిని ఊడదీయడానికి తొలిసారి చేసేవాడు డ్రిల్లు పడతాడు, సాయంత్రానికి నాలుగో అయిదో ఊడతాయి, డ్రిల్లు బిట్లు అయిపోతాయి. తెలిసినవాడు కత్తి వెన్నుపట్టీని వైస్ దవడల మీద ఆనించి, సెక్షన్ కిందికి వేలాడేలా పెడతాడు. పైకి తేలి ఉండే దాని వెనక అంచు మీద సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే రెండు రివెట్లూ కోసుకుపోయి సెక్షన్ కింద పడుతుంది. ఈ కిటుకు కామందుకు పరమ సంతోషం. చూసేవాళ్లుంటే ఊడదీయక్కర్లేని సెక్షన్లు కూడా ఊడదీస్తాడు. కొత్త సెక్షన్ కొనేటప్పుడు జోడీ చూసుకోవాలి: నున్నటి అంచు సెక్షన్లకు పళ్లున్న లెడ్జర్ ప్లేట్లు, అడుగున పళ్లున్న సెక్షన్లకు నున్నటి ప్లేట్లు. రెండూ నున్నగా ఉంటే గడ్డి జారిపోతుంది. పళ్ల సెక్షన్లకు సానపట్టే పని లేదు, నున్నటివాటికి పట్టాలి. సానపట్టడం ఇష్టమైన కామందు నున్నటివే కొంటాడు. అలాంటి కామందులే ఎక్కువ.

అసలు కాలమంతా గార్డుల దగ్గర కరుగుతుంది. సెక్షన్ అన్ని లెడ్జర్ ప్లేట్ల మీదా సమంగా కూర్చోవాలంటే ప్లేట్లన్నీ ఒకే గీత మీద ఉండాలి. ఏ రాయో తగిలి ఒక గార్డు వంగితే ఆ చోట కత్తి ప్లేటును తాకకుండా పైన తేలుతుంది. గడ్డి తెగక మడతపడి ఇరుక్కుంటుంది. దీన్ని సరిచేయడానికి బార్ చివర నేల మీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి, ప్లేట్ల వరసను చూడాలి. కామందు ఇక్కడ నిజంగా పనిమంతుడు. ఏ గార్డు వెంట్రుకవాసి కిందికి దిగిందో కంటితోనే పసిగట్టి, దాని ముక్కుకు కింది నుంచి సుత్తితో చిన్న దెబ్బ వేసి మళ్లీ పడుకుంటాడు. ఇది మెత్తటి మాలియబుల్ ఇనప గార్డులకే చెల్లుతుంది, పెళుసు పోతవి విరుగుతాయి. ఒక దెబ్బ, ఒక పడక, ఒక దెబ్బ, ఒక పడక. రోడ్డున పోయేవాళ్లు కారాపి, ఈ పెద్దాయనకు ఏమైనా అయిందేమోనని దిగి వస్తారు. అలా దిగినవాళ్లకు హస్సీ గురించి తెలియకుండా తిరిగి వెళ్లే వీలుండదు.

గార్డులు సరిపోయాక క్లిప్పులు. కత్తి పైకి లేవకుండా అదిమిపెట్టే ఈ ఇనప నాలుకలను సుత్తితోనే సవరిస్తారు. కిందికి దించాలంటే కత్తిని బయటికి లాగి క్లిప్పు కొసన కొట్టాలి. పైకి లేపాలంటే రెండు బోల్టుల మధ్య కొట్టాలి. రెండోది తెలియనివాడు క్లిప్పును లేపబోయి స్క్రూడ్రైవరు వంచుకుంటాడు. కత్తికీ క్లిప్పుకూ మధ్య కాగితం మందం సందు చాలు. ఏ కాగితం అన్న వాదన ఉంది. విద్యుత్ బిల్లు కవరు మందం సరైన కొలతని ఒక వర్గం నమ్ముతుంది. బిల్లు అందులో ఉండగానే కొలుస్తారేమో, ఆ వర్గం వాళ్ల క్లిప్పులు వదులుగా ఉంటాయి. అన్నీ కుదిరితే కత్తి చేతి బలానికి కదలాలి. వచ్చిన ప్రతి అతిథి చేతా కామందు దాన్ని లాగించి చూపిస్తాడు. కత్తి తలను మాత్రమే పట్టుకోవాలనీ, అంచు జోలికి పోవద్దనీ చెప్పి మరీ లాగిస్తాడు.

లీడ్, రిజిస్టర్ అనే రెండు సర్దుబాట్లు పాండిత్యానికి గీటురాళ్లు. చేలో నడిచేటప్పుడు గడ్డి ఒత్తిడికి బార్ బయటి కొస వెనక్కి జరుగుతుంది. అందుకని ముందే దాన్ని లోపలి కొసకన్నా కాస్త ముందుకు పెడతారు, బార్ అడుగుకు పావు అంగుళం లెక్కన. 5 అడుగులకు అంగుళంపావు. అప్పుడు కోతలో కత్తీ, దాన్ని ఆడించే పిట్‌మన్ కర్రా ఒకే వరసలోకి వస్తాయి. బార్ అతుకు దగ్గర ఎక్సెంట్రిక్ బుష్ ఉన్న మోవర్లలో దాన్ని తిప్పితే లీడ్ మారుతుంది. కొలిచే ముందు బయటి కొసను వెనక్కి నొక్కి, అతుకుల్లోని వదులంతా తీసేయాలి. నొక్కకుండా కొలిచినవాడి లీడ్ కాగితం మీదే ఉంటుంది. ఇక రిజిస్టర్ అంటే, ఫ్లైవీలు చేత్తో తిప్పి కత్తిని ఆ చివరకూ ఈ చివరకూ తెచ్చినప్పుడు ప్రతి సెక్షన్ మొన గార్డు నడిమధ్యన ఆగడం. ఒక పక్క దాటి, ఒక పక్క చాలకపోతే కోత సగమే అవుతుంది, చేలో గడ్డి చారలు చారలుగా మిగులుతుంది. బార్ మొత్తాన్ని లోపలికో బయటికో జరిపి దీన్ని కుదురుస్తారు. రిజిస్టర్ కుదిరితే లీడ్ కదులుతుంది, లీడ్ సరిచేస్తే రిజిస్టర్ పోతుంది. ఈ రెంటి మధ్య తిరుగుతూ కామందు జూన్ నెల గడిపేస్తాడు.

పిట్‌మన్ గురించి చెప్పేది తక్కువ. అది యాష్ చెట్టు కర్రతోనో హికరీ కర్రతోనో చేసిన దండం. కత్తికి రాయి అడ్డం పడితే కర్ర విరిగి మిగతా యంత్రాన్ని కాపాడుతుంది. విరిగిన ప్రతిసారీ ఇనుముతో చేయించుకోవాలనిపిస్తుంది. చేయించుకున్నవాడి గేర్‌బాక్సు విరుగుతుంది.

ఒక్క విషయంలో హాస్యానికి తావు లేదు. గడ్డి ఇరుక్కున్న బార్‌ను ఇంజను ఆపకుండా చేత్తో శుభ్రం చేయబోయి ఈ యంత్రానికి వేళ్లు అప్పగించిన పాతతరం రైతులు ఊరికొకరుంటారు. వెంట్రుకవాసి కోసం పడుకుని చూసే మనిషి, ట్రాక్టరు శక్తిని మోవరుకు అందించే పీటీవో షాఫ్టుకు రక్షణ కవచం బిగించకుండానే పని చేయడం ఈ జాతికున్న పెద్ద లోపం.

కోత పరీక్ష జూలైలో జరుగుతుంది. ఆర్చర్డ్ గడ్డి మే నెలాఖరుకే వెన్ను తీసి ఉంటుంది. మేతకు అదే అదను. జూలైకి కాడలు గట్టిపడి, గింజ రాలి, సారం తగ్గుతుంది. అయితే సికిల్ బార్‌కు నచ్చేది సరిగ్గా అలాంటి గడ్డే. లేత, తడి, పడిపోయిన గడ్డి దాన్ని పూడ్చేస్తుంది. బిరుసుగా నిలబడ్డ కాడ చక్కగా తెగుతుంది. కనుక ఆలస్యమే కామందు ప్రజ్ఞకు సాక్ష్యమవుతుంది. మోవరు టకటకలాడుతూ వెళ్తుంటే గడ్డి నిలువునా ఒరిగి బార్ మీదుగా వెనక్కి జారుతుంది. కొసన ఉన్న పలక దాన్ని లోపలికి తోసి తర్వాతి సాలుకు దారి చేస్తుంది. చూడ ముచ్చటైన కోత, అందులో సందేహం లేదు. పొరుగువాడు డిస్క్ మోవరు తెచ్చి, లీడ్ గొడవ లేకుండా, పక్క పొలం ముప్ఫై ఎకరాలు మధ్యాహ్నానికి ముగించి వెళ్లిపోతాడు. కామందు అతని చేలో మోడును వంగి చూసి, చీలిపోయిందని తల పంకిస్తాడు. ఎండిన గడ్డిని మేకలు వాసన చూసి, ఆకులు ఏరుకుని, కాడలు వదిలేస్తాయి. ఆ కాడలను వాటి కిందే పరుస్తారు.

సెప్టెంబరు తొలి సోమవారంతో ముగిసే వారాంతంలో అయోవాలోని మౌంట్ ప్లెజెంట్‌లో, ఆగస్టులో పెన్సిల్వేనియాలోని కిన్జర్స్‌లో పాత యంత్రాల జాతరలు జరుగుతాయి. మొదటిది 1950 నుంచీ, రెండోది 1948లో పుట్టిన సంఘం చేతుల మీదుగానూ నడుస్తున్నాయి. అక్కడ కామందులు రెండు మతాలుగా కనిపిస్తారు: మోవరుకు ఎర్ర రంగు తళతళలాడాలనేవాళ్లు, తుప్పు గౌరవమనేవాళ్లు. ఇద్దరూ ఒకరి మోవరు దగ్గరికొకరు వచ్చి, ఏమీ అనకుండా, బయటి కొసను బొటనవేలితో వెనక్కి నొక్కి చూసి వెళ్తారు. అంతకన్నా పెద్ద అవమానం ఆ లోకంలో లేదు.

చలికాలానికి కత్తిని బార్ నుంచి పూర్తిగా లాగేయాలి. లోపలే ఉంచితే తుప్పుకు ప్లేట్లతో కలిసిపోతుంది. సెక్షన్లకు నూనె రాసి, రెండు చెక్కల మధ్య బిగించి, పిల్లలకందని ఎత్తున గోడకు తగిలించాలి. గోడ మీద కత్తులు లెక్కపెడితే మోవర్లు ఎన్నో భార్యకు తెలిసిపోతుంది కనుక, కామందు ఒక్క కత్తినే గోడకు తగిలించి తక్కినవాటిని గడ్డిమోపుల వెనక దాస్తాడు.