బిగువు: ఒక చక్రం నట్టు ఆత్మకథ

నేను చక్రం నట్టును. పెద్దారవీడులో బాడుగకు తిరిగే చిన్న కారు ముందు చక్రాన్ని పట్టి ఉంచే నాలుగింటిలో ఒకదాన్ని. ఉక్కు ముక్కను అచ్చులో నొక్కి, లోపల మర కోసి నన్ను చేశారు. నా కింది అంచు ఏటవాలుగా ఉంటుంది. అది రంధ్రంలో సరిగ్గా కూర్చుంటేనే చక్రం నడిమధ్యకు వస్తుంది. కొత్త టైర్లు వేయించిన రోజున అందరి చూపూ టైర్ల మీదే. ఏ కంపెనీ, గాలి ఎంత, అలైన్‌మెంట్ చేశారా అని ఆరా తీస్తారు. నా దగ్గరికి వచ్చేసరికి ‘గట్టిగా బిగించావా’ అన్న ఒక్క మాటతో సరి. ఆ ‘గట్టిగా’ దగ్గరే నా పేచీ. నట్టు గట్టిగా తిరగడం వేరు, చక్రం గట్టిగా నిలవడం వేరు. మొదటిది చేతికి తెలుస్తుంది. రెండోదాన్ని కొలవాలి.

నన్ను తిప్పేకొద్దీ నేనెక్కిన మర కడ్డీ, అంటే స్టడ్డు, స్ప్రింగులా సాగుతుంది. తిరిగి కుదించుకోవాలన్న దాని లాగుడే చక్రాన్ని హబ్బుకు అదిమి పెడుతుంది. బరువునూ బ్రేకు దెబ్బనూ మోసేది చక్రం, హబ్బు ముఖాల మధ్య రాపిడి. ఆ సాగుడు మిల్లీమీటరులో పదో వంతు చుట్టుపక్కల, అంతే. పైగా తిప్పిన శ్రమ పది పాళ్లనుకుంటే, సుమారు ఐదు నా అంచు కింద రాపిడికీ, నాలుగు మరల రాపిడికీ పోతాయి. స్టడ్డును సాగదీసేది మిగిలిన ఒక్క పాలే. అందుకే మర తుప్పు పడితే పానా బిగిసినట్టే ఉంటుంది, స్టడ్డు మాత్రం సాగదు. నూనె రాస్తే అదే బలానికి అతిగా సాగుతుంది. తుప్పు పట్టకుండా ఒక చుక్క వేస్తే తప్పేమిటని అడుగుతారు. ఉద్దేశం మంచిదే, కానీ కారు పుస్తకంలో ఇచ్చిన బిగింపు అంకె సాధారణంగా పొడి మరకు కట్టిన లెక్క. వైరు బ్రష్షుతో రుద్దితే చాలు.

ఇక పానాకు పైపు తొడిగి కాలితో తొక్కడం. చిన్న కార్లకు మామూలుగా 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల చాలంటారు, లారీలకు ఐదారు రెట్లు. 100 అంటే మీటరు పొడవు పానా చివర 10 కిలోలు వేలాడదీసినంత. అర మీటరు పైపు చివర 70 కిలోల మనిషి నిలబడితే అది 340 దాటుతుంది. అంత సాగిన స్టడ్డు మళ్లీ కుదించుకోలేకపోవచ్చు. అలా సాగిపోయిన స్టడ్డు పట్టును నమ్మలేం. లెక్క చూడకుండా గాలి గన్‌తో కొట్టినా ఇంతే. ఇన్నేళ్లుగా ఇలాగే చేస్తున్నాం, ఒక్క చక్రమైనా ఊడిందా అని డ్రైవర్లు అడగడం సహజం. నలుగురం ఉన్నాం కాబట్టి ఒకరి లోటును ముగ్గురు మోస్తారు. ఊడకపోవడం సరిగ్గా బిగించారనడానికి సాక్ష్యం కాదు. దోర్నాల దాటాక నల్లమల ఘాట్‌లో పంక్చరైతే, డిక్కీలోని పొట్టి పానాకు నేను కదలకపోవడం కూడా ఆ ‘గట్టిదనం’ ఫలితమే. బిగింపును కొలిచే టార్కు పానా ఖరీదంటారా, మామూలు రకం ఒక కొత్త టైరు ధరకు మించదు. షాపుకు ఒకటి ఉంటే ఊరంతటికీ సరిపోతుంది.

కొలిచి బిగించినా పని అక్కడితో అయిపోదు, ఈ సంగతి చాలామందికి తెలియదు. మార్కాపురం చుట్టూ పలకల గనులు. ఆ గనుల దుమ్ము హబ్బు ముఖం మీదా చేరుతుంది. తుడవకుండా చక్రం ఎక్కిస్తే, నాలుగు గుంతలు దాటేసరికి ఆ పొర నలిగి పలచబడుతుంది. సాగిందే పదో వంతు మిల్లీమీటరు. అందులో సగం మందమున్న పొర నలిగిపోతే పట్టులో సగం పోయినట్టే. కొత్త రంగు పొర అయినా అంతే. మొదటి 80 నుంచి 150 కిలోమీటర్ల లోపు మళ్లీ చూడమనేది అందుకే. మార్కాపురంలో టైర్లు వేయించుకుని శ్రీశైలం చేరితే దాదాపు 80 అవుతుంది. దిగగానే కాదు, బ్రేకులు వేడి మీద ఉంటాయి. రాత్రి అక్కడే ఆగి, పొద్దున చక్రాలు చల్లబడ్డాక, కారు నేల మీద ఉండగానే ఎదురెదురు నట్లను ఒక్కొక్కటిగా టార్కు పానాతో చూడాలి. నాలుగు చక్రాలకు కలిపి మేము పదహారుమందిమి. దర్శనం క్యూలో నిలబడే ముందు ఐదు నిమిషాల పని.