ముప్పాతిక విశ్రాంతి

పింఛను నియమములు గ్రహించుట మిక్కిలి సులభమనియు, కొంచెము ఓపికతో చదువుకొని ముందుచూపుతో ప్రణాళిక వేసికొనిన ఉపాధ్యాయుడు, రేవు మెట్లమీదుగా ఏటిలోనికి దిగువానివలె, చలి తెలియకుండ ఉద్యోగమునుండి విశ్రాంతిలోనికి జారిపోవచ్చుననియు బోధించు పెద్దలు ఇటీవల బహుళముగా బయలుదేరినారు. వారిలో ఒక్కరైనను తమ పింఛను తాము లెక్క కట్టుకొనగా నేను చూచి యెరుగను. బోధించుటకే వారికి జీతము ముట్టుచుండుటచేత, విరమించు అవసరమే వారికి కలుగలేదు కాబోలు.

ఈ మెట్ల రేవును ఇంగ్లండులో కట్టినారు. 'ఫేజ్డ్ రిటైర్‌మెంట్' అని వారనుదానిని మనము విడతల విరమణ యందము. 55 ఏండ్లు నిండి, జీతమును కనీసము 20 శాతము తగ్గించుకొని, ఆ తగ్గుదలను 12 నెలలపాటు నిష్ఠగా పాటించుటకు సిద్ధపడి, యజమాని సమ్మతి సంపాదించి, గడువులోపల దరఖాస్తు పెట్టుకొనగలిగిన పుణ్యాత్ముడు తన పింఛనులో 75 శాతము వరకు ఇప్పుడే పుచ్చుకొనుచు, మిగిలిన పాతికను దాచియుంచి, మరునాడు యథాప్రకారము బడికి పోవచ్చును. 2028 ఏప్రిలునుండి ఆ 55 కాస్తా 57 కానున్నది. ఏడాది తిరుగకమునుపే జీతము పెరిగి గీత దాటెనేని, అర్ధరాత్రి చలిమిడి ముద్ద మ్రింగిన వాని ఏకాదశివలె వ్రతము చెడును, పింఛను ఆగును. ఇట్టి విరమణ మూడు మారులు చేయవచ్చును గాని, అందు 60 ఏండ్లకు ముందు రెండింటిని మించరాదు. ఒకే సంసారమునుండి మూడు మారులు విరమించు భాగ్యము మన సన్న్యాసులకు సైతము లేదు గదా!

ఇక ముసలితన మెప్పుడు వచ్చుననునది మరియొక శాస్త్రము. 2007 జనవరి 1కి ముందు చేరినవానికి పాత పథకమున అది 60వ ఏట వచ్చును. తరువాత చేరినవానికి 65వ ఏట వచ్చును. జీతముల సగటుమీద నడచు కొత్త పథకమున, సర్కారువారు దేశమంతటికిని నిర్ణయించిన వయస్సుతోపాటు వెనుకకు జరుగుచుండును. రెండు పథకములలోను కాలు మోపినవానికి ఒకే దేహమున రెండు వార్ధక్యములు. 2015లో కొత్త పథకము పెట్టినప్పుడు ముసలివారిని పాతదానిలో ఉంచి, పడుచువారిని కొత్తదానిలోనికి నెట్టిరి. న్యాయమూర్తుల పింఛనులోను, అగ్నిమాపక సిబ్బంది పింఛనులోను ఇదే పంపకము జరుగగా, అది వయోవివక్ష యని వ్యాజ్యమాడినవారు సాక్షాత్తు ఆ న్యాయమూర్తులును, ఆ సిబ్బందియును. 2018 డిసెంబరున అప్పీలు న్యాయస్థానము వారి పక్షమున తీర్పు చెప్పెను. దాని ఫలముగా 2015 ఏప్రిలు 1 మొదలు 2022 మార్చి 31 వరకు గడచిపోయిన ఏడేండ్లను పాత లెక్కలో చూచుకొందువో కొత్త లెక్కలో చూచుకొందువో విరమించునాడు కోరుకొమ్మని ఉపాధ్యాయునికిని వరమిచ్చిరి. తన పింఛను తేల్చుకొనుటకు న్యాయమూర్తియే బోనెక్కవలసివచ్చిన చోట, మూడవ తరగతి పంతులమ్మను పిలిచి 'చదువుకొనుము, తెలియును' అనుటకు ఎంత గుండె కావలెను!

నా బాల్యమిత్రుడొకడు చిరకాలముగా ఆ దేశమున లెక్కలు చెప్పుచున్నాడు. అయిదు రోజుల పనిలో ఒక రోజు మానినచో సరిగా 20 శాతము తగ్గును గనుక శుక్రవారము మానినాడు. నేను పోయినది శుక్రవారమే. వంటింటి బల్లమీద ఒక ప్రక్క దిద్దవలసిన పిల్లల పుస్తకముల దొంతర, ఎదుట గీతల నోటు పుస్తకము. ఎడమ పుటపై 'బ్రతికితే' అనియు, కుడి పుటపై 'పోతే' అనియు వ్రాసి, క్రింద అంకెలు నింపుచున్నాడు.

"ఒరేయ్, ముందే పుచ్చుకుంటే కోత, అదీ చచ్చిందాకా. ఆగితే కోత లేదు కానీ, ఆగినన్నాళ్ళూ చేతికేమీ రాదు. ఎక్కువకాలం బతికేవాడికి ఆగడం లాభం, తొందరగా పోయేవాడికి ఇప్పుడే లాభం" అన్నాడు.

"మరి నీదేం తేలింది?"

"నాన్న అరవై ఎనిమిదిలో పోయాడు, అమ్మ తొంభై రెండులో పోయింది. సగటు కట్టాను, ఎనభై వచ్చింది."

కాఫీ పోయుచున్న ఆయన ఇల్లాలు, "ఆ లెక్కలో నా వయసు ఎక్కడైనా ఉందాండీ?" అని అడిగినది. వాడు మూడవ పుట తిప్పినాడు.

ఆ కోతను నిర్ణయించువారు ఆయుర్దాయ గణకులు. మా యూరి సిద్ధాంతిగారు పంచాంగము విప్పి, ఎదుట కూర్చున్న వాని ఆయుర్దాయము చెప్పి, తప్పిపోయెడివారు. ఈ గణకులు లక్షమంది ఆయుర్దాయము చెప్పి తప్పిపోరు గాని, ఎదుట కూర్చున్నవానిది మాత్రము చెప్పరు. ఆ ఒక్కటి వాడే చెప్పుకొనవలెను. దానికే స్వేచ్ఛ యని పేరు.

మన తెలుగుదేశమున మెట్లు లేవు. గట్టుపైనుండి ఒకే తోపు. నెల చివరి దినము అపరాహ్ణమున శాలువా, పూలదండ, గోడగడియారము, అంతటితో సరి. ఆ తోపు ఎన్నవ ఏటనో గూడ స్థిరము లేదు. 1983లో 58ని ఒక్క కలము పోటుతో 55 చేసిరి. నేడు ఆంధ్రప్రదేశమున 62, తెలంగాణమున 61. నెల 1వ తేదీన పుట్టినవాడు అంతకుముందు నెల కడపటి దినముననే దిగిపోవలెను. మన పంతుళ్ళలో పలువురు తల్లి కడుపున ఒకనాడును, బడిలో చేర్చుకొనిన హెడ్మాస్టరుగారి కలమున జూలై 1నను పుట్టిన నిజమైన ద్విజులు గనుక, జూన్ 30న సన్మానసభలకు శాలువాలు చాలవు. 2004 సెప్టెంబరు 1 నుండి చేరినవారిని సి.పి.ఎస్. అను చందాల పింఛను బజారులోనికి తోలిరి గనుక వారి మాట వేరు. తక్కినవారికి పందెము ఇక్కడను తప్పదు. పింఛనులో 40 శాతము వరకు కమ్యూటేషనుకు అమ్ముకొనవచ్చును. అమ్మినది 15 ఏండ్లకు గాని తిరిగి రాదు. అమ్ముట మేలో కాదో చెప్పగలవాడు చిత్రగుప్తుడొక్కడే.

పైగా ఏటేటా లైఫ్ సర్టిఫికెట్టు సమర్పింపవలెను. ఎప్పుడు పోవుదువో చెప్పుమని ఆ దేశమువారు అడుగుదురు. ఇంకను పోలేదని చెప్పుమని మనవారు అడుగుదురు. ఆ దేశపు ఉపాధ్యాయుల పింఛను నిర్వహించు ఒప్పందము 2023లో మన టాటా కన్సల్టెన్సీవారికి దక్కినది గనుక, ఉభయ సంప్రదాయములకు ఏనాటికైన సమన్వయము కుదురునేమో!

పింఛను భిక్ష కాదు, హక్కు అని మన సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా వ్యాజ్యమున చెప్పియున్నది. అది వెనుకటి చాకిరికి నిలువయుంచిన కూలి. పొద్దుగ్రుంకిన తరువాత కళ్ళమువద్ద నిలిచిన కూలివానిని, 'గింజలు కొలిచెదను గాని, నీ వెన్నాళ్ళు తిందువో ముందు చెప్పుము' అని యడిగిన కామందును మన పల్లెలలో ఎవరును ఎరుగరు. అట్టి ప్రశ్నకు ప్రణాళిక యని పేరు పెట్టి, జవాబు తప్పినచో నీకు నియమములు అర్థము కాలేదని మందలించు నేర్పు నాగరకులకే చెల్లినది.

మొన్న మిత్రుడు ఫోను చేసినాడు. నోటు పుస్తకము నిండిపోయినదట. ఇంకొకటి కొనవలెనో, అక్కరలేదో గణకులను అడిగి చెప్పుదు నన్నాడు.