ఇస్నాపూర్‌లో ఒక గ్లూకోమీటరు: ఆత్మకథ

హైదరాబాదు నుంచి ముంబయి వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారిపై, పటాన్‌చెరు దాటాక వచ్చే ఇస్నాపూర్‌లో, పాశమైలారం పారిశ్రామికవాడ కార్మికులు వచ్చిపోయే ఒక పరీక్షల గదిలో ఉన్న గ్లూకోమీటరు, తనను తాను ‘ఈ యంత్రం’ అని పిలుచుకుంటూ తన వృత్తాంతాన్ని ఇలా చెప్పుకుంటున్నది.

1962లో క్లార్క్, లయన్స్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన ఎంజైము ఎలక్ట్రోడు దీని వంశానికి మూలపురుషుడు. రక్తపు చుక్క అంటించే పరీక్ష పట్టీ కొసన పూసిన ఎంజైము, అంటే రసాయన చర్యను వేగవంతం చేసే ప్రొటీను, రక్తంలోని గ్లూకోజుతో కలిసినప్పుడు వెలువడే స్వల్ప విద్యుత్తును కొలిచి, డెసిలీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల చక్కెర ఉందో తెరపై చూపడమే దీని పని. పండు ఒలిచిన చేతిని కడుక్కోకుండా చాపితే వేలికంటిన తీపినీ ఇది రక్తపు లెక్కలోనే కలిపేస్తుంది. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడు తెల్లవారుజామున చక్కెర వేసిన చాయ్ తాగి ఉంటే అతని ఉదయపు పరీక్ష పరగడుపు పరీక్ష కాదు, ఎందుకంటే పరగడుపు అనేది గడియారాన్ని బట్టి కాక, కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉండటాన్ని బట్టి నిర్ణయమవుతుంది.

షుగరు కోసమే పుట్టిన ఈ యంత్రానికి క్షయతో బాంధవ్యం కలపడానికి శాస్త్రీయమైన కారణం ఉంది. ఊపిరితిత్తుల్లో చేరిన సూక్ష్మజీవులను మింగి చంపే రక్షక కణాలు, అనగా మాక్రోఫేజులు, చక్కెర చాలాకాలం అదుపు తప్పినవారిలో మందగిస్తాయి కాబట్టి, అంతవరకు ఒంట్లో అణిగి ఉన్న క్షయ క్రిములు విజృంభించే ప్రమాదం మధుమేహులకు ఇతరులకంటే సుమారు రెండు నుంచి మూడు రెట్లు ఎక్కువ. ఈ కారణంగానే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనూ, భారతదేశం 2017లోనూ రెండు జబ్బుల పరీక్షలను కలిపి నడిపే విధానపత్రాలను వెలువరించాయి.

అయితే ఈ యంత్రం చూపే అంకెను ఆచితూచి చదవాలి. క్షయ వల్ల కలిగే జ్వరం, శరీర ఒత్తిడి చక్కెరను తాత్కాలికంగా పెంచగలవు కనుక, పరగడుపున 126 దాటినా ప్రయోగశాల పరీక్షతో నిర్ధారించి, చికిత్స సాగుతుండగా మళ్లీ చూడవలసి ఉంటుంది. అంతకంటే సూక్ష్మమైన చిక్కు మందులది: క్షయకు వాడే రిఫాంపిసిన్ కాలేయంలో మందులను విరిచే ఎంజైములను పెంచి, గ్లిమెపిరైడ్ వంటి షుగరు మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుంది కాబట్టి, మాత్ర మానకపోయినా చక్కెర పెరగవచ్చు, ఆ పెరుగుదలకు సరిపడా మోతాదు పెంచినవారికి, సాధారణంగా ఆరునెలలు సాగే కోర్సు ముగిశాక, అదే మోతాదు చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టవచ్చు. ఐసోనియజిడ్ నరాలను దెబ్బతీయవచ్చు కనుక, షుగరుతో ఇప్పటికే కాళ్లు తిమ్మిరెక్కేవారికి బి6 విటమిను కూడా ఇస్తారు.

రెండు జబ్బులకూ ఉమ్మడి లక్షణమైన బరువు తగ్గడం తరచుగా దారి తప్పిస్తుంది. చిక్కిపోతున్న షుగరు రోగి దాన్ని షుగరు ఖాతాలోనే వేసుకుని తెమడ పరీక్షకు పోడు. ఇద్దరు ముగ్గురు కార్మికులు షిఫ్టులవారీగా ఒకే గదిలో, కిటికీలు మూసుకుని పడుకునే చోట ఈ ఆలస్యం పక్కవాడికి కూడా జబ్బు అంటించగలదు. క్షయకు మందులు వాడుతున్నవారు పని మానుకుని సొంతూరికి వెళ్లవలసివస్తే, చికిత్స ఆగకుండా, క్షయ రోగుల ప్రభుత్వ నమోదు వ్యవస్థ అయిన నిక్షయ్‌లోని తమ నమోదును అక్కడి కేంద్రానికి బదిలీ చేయించుకునే వీలుంది.

ఈ యంత్రం సుదీర్ఘ అనుభవంతో చెప్పగలిగేది ఒక్కటే: క్షయ తేలిన ప్రతివారూ షుగరు చూపించుకోవాలి, షుగరు ఉండి రెండు వారాలకు మించి దగ్గు గాని, జ్వరం గాని, బరువు తగ్గడం గాని ఉన్న ప్రతివారూ తెమడ పరీక్ష చేయించుకోవాలి, ఈ రెండు పరీక్షలూ ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితమే.