కఫీల్ కావలెను

మన దేశపు వలస చట్టం దృష్టిలో మనుషులు రెండు రకాలు. పదో తరగతి పాసైనవాళ్లు, తప్పినవాళ్లు. తప్పినవాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని, అంటే వలస తనిఖీ తప్పనిసరి అని ఉంటుంది. వాడు పని కోసం సౌదీ, కువైట్, ఖతర్ లాంటి 18 దేశాల్లో దేనికి వెళ్లాలన్నా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి ఉండాలి. పాసైనవాడికి ఆ అవసరం లేదు. వాడికి పైథాగరస్ తోడుంటాడు. జెడ్డాలో జీతం ఎగ్గొట్టిన కంపెనీ గేటు ముందు నిలబడి, కర్ణం మీది వర్గం మిగతా రెండు భుజాల వర్గాల మొత్తానికి సమానమని గట్టిగా అంటే, లోపలివాళ్లు వణికిపోయి ఆర్నెల్ల బాకీ చేతిలో పెడతారని ఢిల్లీ నమ్మకం.

మా శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం భావనపాడులో ఈ నమ్మకాన్ని ఎవరూ పరీక్షించలేదు. పదో తరగతి పరీక్ష నాటికే కుర్రాళ్లు తెప్ప మీద ఉంటారు కనుక. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకోవడానికి ప్రభుత్వం వాటికిచ్చే సెలవు అది. చేపకు సెలవు దొరికితే మనిషికి పస్తు. అందుకని 2025లో నిషేధ భృతిని 20 వేలకు పెంచి, ఇదే జిల్లా బుడగట్లపాలెంలో ముఖ్యమంత్రి చేతుల మీదుగా పంచారు. ఆ 20 వేలూ పాత అప్పుకే సరిపోతాయి. కొత్త అప్పు కావాలంటే గల్ఫ్ వెళ్లాలి.

గల్ఫ్ వెళ్లాలంటే మావయ్యను కలవాలి. ఇటు సంతబొమ్మాళి నుంచి అటు ఇచ్ఛాపురం దాకా ప్రతి ఊళ్లోనూ ఇలాంటి మావయ్య ఒకాయన ఉంటాడు. చట్టం ప్రకారం విదేశాలకు పనివాళ్లను పంపేవాడు రిజిస్టర్డ్ ఏజెంటు అయి ఉండాలి, పెద్ద ఏజెంటైతే 50 లక్షల బ్యాంకు గ్యారంటీ కట్టాలి. సబ్ ఏజెంటు అనే ప్రాణి ఆ చట్టంలో ఎక్కడా లేడు. చట్టంలో లేనివాడు చట్టానికి కనబడడు. మనకు మాత్రం నౌపడ జంక్షన్ టీ కొట్లో రోజూ కనబడతాడు, చేతిలో రెండు ఫోన్లు, చంకలో నలుగురి పాస్‌పోర్టులు.

అక్కడ మొన్న జరిగిన ఇంటర్వ్యూ ఇది.

"ఏటి మావయ్యా, పైపు వెల్డరని రాసీసినావు? నానెప్పుడు వెల్డింగు సేసినాను? వల అల్లడం తప్పితే నాకేటీ రాదు."

"వలకి కన్నం పడితే ఏటి సేస్తావు?"

"కుడతాను."

"పైపుకి కన్నం పడినా అదే. ఇనపదారంతో కుట్టాల, అంతే."

"సర్టిఫికెట్టడిగితే?"

"మన కాడున్నాది. నీకు అయిదేళ్ల సర్వీసు."

"నాకు పంతొమ్మిదే కదేటి వయసు!"

"అంటే పద్నాలుగో ఏట నుంచే పని నేర్సినావన్నమాట. బుద్ధిమంతుడివి."

"కాంట్రాకు మీద పదిహేనొందల రియాళ్లున్నాది. అంతిస్తారేటి?"

"అది ఢిల్లీవోళ్లకి సూపించే జీతం. అక్కడికెళ్లినాక అరబ్బీలో ఇంకో కాయితమిస్తారు. అది సదవక్కర్నేదు, సంతకమెడితే సాలు."

"నాకు అరబ్బీ రాదు కదా మావయ్యా."

"అందుకేరా సదవక్కర్నేదంటున్నాను!"

ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30 వేలు, పైన 18 శాతం జీఎస్టీ. అంతకు మించి పైసా తీసుకోరాదని నిబంధన. మావయ్య నిబంధన తప్పే మనిషి కాడు. రసీదు కచ్చితంగా 30 వేలకే ఇస్తాడు. మిగతా లక్షకి రసీదు అడిగితే బంధుత్వం చెడుతుంది. పైగా ఆయన ప్రభుత్వం కన్నా ఉదారుడు. ఈసీఆర్ గొడవ ఎక్కువైతే విజిట్ వీసా మీద పంపేస్తాడు. చుట్టపుచూపుగా వెళ్లేవాడికి ప్రొటెక్టర్ అనుమతితో పనేముంది? బుర్జ్ ఖలీఫా చూడ్డానికి పొలం తాకట్టు పెట్టి వెళ్లే పర్యాటకులు ప్రపంచంలో మా జిల్లావాళ్లే.

ప్రభుత్వమేమీ చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఏ దేశంలో ఏ పనికి కనీసం ఎంత జీతమివ్వాలో నిర్ణయించే అధికారం దాని దగ్గరే ఉంది. 2020 సెప్టెంబరులో, కరోనా దెబ్బకి జీతాలు మునిగిన సమయంలో, ఆరు గల్ఫ్ దేశాల విషయంలో ఆ అధికారాన్ని వాడింది. ఆ కనీస జీతాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తగ్గించకపోతే ఉద్యోగాలు పక్క దేశాలవాళ్లకి పోతాయట. సంతలో సరుకు అమ్మేవాడు బేరం మొదలవక ముందే సగం ధర తగ్గించుకోవడం మా టెక్కలి సంతలో కూడా చూడలేదు. గల్ఫ్ కార్మిక సంఘాలు గోల చేశాక, వ్యవహారం తెలంగాణ హైకోర్టుకెక్కాక, 2021 జులైలో పాత జీతాలు తిరిగొచ్చాయి. అసలు చట్టమే 1983 నాటిది. దాన్ని మార్చడానికి 2019లో ఒక ముసాయిదా వచ్చింది, 2021లో ఇంకోటి, 2025లో మరోటి. కుర్రాళ్లు మూడేళ్ల కాంట్రాక్టు మీద వెళ్లి తిరిగొస్తున్నారు. ముసాయిదా మాత్రం పార్లమెంటు మెట్లెక్కడం లేదు. దానికి ఎవరి క్లియరెన్స్ కావాలో!

ఇక గల్ఫ్‌లో దిగాక దొరికే పర్మిట్ సంగతి. దాన్ని అకామా అంటారు. దాని మీద కుర్రాడి ఫొటో ఉంటుంది గానీ ప్రాణం కఫీల్ చేతిలో ఉంటుంది. కఫీల్ అంటే పూచీ పడిన యజమాని. పర్మిట్ తీసుకునేది ఆయన, రెన్యూ చేయించేది ఆయన, మరచిపోయేదీ ఆయనే. మరచిపోయిన నేరానికి జైలుకెళ్లేది మనవాడు. జీతం ఇవ్వలేదని పని మానేస్తే కంప్యూటర్లో ఒక్క నొక్కు నొక్కి హురూబ్ అంటాడు, అంటే పారిపోయినవాడు. ఆ క్షణం నుంచి మనవాడు కల్లివల్లి, అంటే కాగితాలు లేనివాడు. పాస్‌పోర్టు యజమాని దాచుకోవడం నేరమని ఆ దేశాల చట్టాలే అంటున్నాయి కనుక, ఎవరూ దాచుకోరు, బీరువాలో 'భద్రపరుస్తారు'. ఖతర్ 2018లో చాలామందికి ఎగ్జిట్ పర్మిట్ తీసేసింది, 2020లో కంపెనీ మారడానికి యజమాని అనుమతి అక్కర్లేదంది. సంతోషం. ఈ సంగతి లేబర్ క్యాంపులో ఫోర్‌మన్‌కి ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోవాలి.

ఇదంతా కొత్తదని మావయ్య అపోహ. మా తాతల కాలంలో గల్ఫ్ పేరు రంగూన్. కళింగపట్నంలో, బారువలో స్టీమరెక్కి వెళ్లిన తెలుగువాళ్లను బర్మావాళ్లు కోరంగీలన్నారు. అప్పటి మావయ్యని మేస్త్రీ అనేవారు. అడ్వాన్సు ఇచ్చేవాడు, ఆ అడ్వాన్సు తీరేలోగా ఇంకోటి ఇచ్చేవాడు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. సమ్మె విరగ్గొట్టడానికి బర్మా కూలీలను దింపింది రేవు కంపెనీలు. సమ్మె తీరాక, వీళ్లను రమ్మని వాళ్లను పొమ్మన్నదీ ఆ కంపెనీలే. కొట్టుకు చచ్చింది మాత్రం కూలీలు. వందమందికి పైగా పోయారు, ఎక్కువమంది తెలుగువాళ్లే.

ఇంత జరిగాక పెద్దలు కూర్చుని ఆలోచించి, తప్పెవరిదో కనిపెట్టారు. కూలీ దగ్గర పర్మిట్ లేకపోవడమే తప్పు! 1941లో భారత్, బర్మా ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నాయి. ఏ పర్మిట్, బీ పర్మిట్ అని రెండు రకాలు, దేని ఫీజు దానిది. బర్మా స్త్రీని పెళ్లాడకూడదనే షరతుకి కూడా అందులో చోటిచ్చారు. గాంధీగారు తప్పుపట్టారు. ఒప్పందం సిరా ఆరేలోగా, ఆ డిసెంబరులోనే జపాన్‌వాళ్లు రంగూన్ మీద బాంబులేశారు. మనవాళ్లు అడవులకడ్డం పడి నడిచొచ్చారు. దారిలో పులులు పర్మిట్ అడగలేదు.

మరి ఊళ్లోనే పని ఉంటే ఈ బాధలెందుకంటారా? ఉంది. భావనపాడు పోర్టు అని ఏళ్ల తరబడి విన్నాం. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగేసరికి అది మూలపేట పోర్టు అయింది. మా మండలంలో ఏ క్లియరెన్సూ లేకుండా వలస పోయింది ఆ పోర్టు ఒక్కటే. 2019 రాష్ట్ర చట్టం ప్రకారం పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులవి. కానీ క్రేను ఎక్కాలంటే అనుభవం ఉండాలి. అనుభవం దమ్మామ్‌లో దొరుకుతుంది. దమ్మామ్ వెళ్లాలంటే సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్ మావయ్య దగ్గరుంది. గల్ఫ్ దాకా ఎందుకని గుజరాత్ వెరావల్ వెళ్లి బోటెక్కినవాళ్ల గతి కూడా చూశాం. 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర తేలారు. వాళ్ల మీద సినిమా వచ్చింది. పని మాత్రం రాలేదు.

అందుచేత మా ఊరి పంచాయతీకి నాదొక మనవి. పర్మిట్ పద్ధతి మంచిదే, మనిషి మారితే చాలు. ఇకపై మా కుర్రాళ్లను పెట్టుకోదలచిన యజమానే పర్మిట్ తీసుకోవాలి. షరతులివి.

ఒకటి, కఫీల్ తన అసలు పాస్‌పోర్టు పంచాయతీ బీరువాలో ఉంచాలి. భద్రత కోసమే సుమండీ.

రెండు, జీతం నెల దాటితే మా సెక్రటరీ ఒక్క నొక్కు నొక్కుతాడు. యజమాని పరారీ అని లోకమంతా చూపిస్తుంది.

మూడు, ట్రేడ్ టెస్టు. మే నెల మిట్టమధ్యాహ్నం, ఇనప టోపీ, తోలు బూట్లు, నౌపడ ఉప్పుమడి మధ్యలో రెండు గంటలు నిలబడాలి. పాసైతే ఓటీ రేటు గురించి మాట్లాడొచ్చు.

నాలుగు, పదో తరగతి మార్కుల జాబితా జతచేయాలి. తప్పినవాళ్లకు మావయ్య నుంచి ప్రత్యేక రక్షణ కల్పిస్తాం.

అయిదు, ఒప్పందం మా సిక్కోలు తెలుగులో ఉంటుంది. సదవక్కర్నేదు, సంతకమెడితే సాలు.

ఫారం ఇంకా అచ్చుకి ఇవ్వలేదు. నౌపడ జంక్షన్లో మావయ్య అప్పుడే ఒక్కోటి వెయ్యి రూపాయలకి అమ్ముతున్నాడు. రసీదు వందకి.